మొరాయించిన ఇంజను – బెర్తా బెంజ్ జీవితము

మోటారుబండి కదలక మొరాయించినప్పుడు దానిని బాగుచేయువాడు మొదట చూచునవి మూడు సంగతులు. ఇంధనము సిలిండరులోనికి చేరుచున్నదా? నిప్పురవ్వ తగిన క్షణమున పుట్టుచున్నదా? లోపల చేరిన వాయువు పిస్టను ఒత్తిడికి గట్టిగా అదుముడుపడుచున్నదా? ఈ మూడును సరిగా ఉన్నచో ఇంజను పలుకక తప్పదు. ఒక్కటి లోపించినను, తక్కిన రెండును ఎంత చక్కగా ఉన్నను, అది ఇనుపదిమ్మయే. నేడు మెకానిక్కు షాపులో పని నేర్చుకొను కుఱ్ఱవానికి సైతము ఈ విషయము తెలియును. కాని ఈ విద్య నేర్పు గురువుగాని, చెప్పు పుస్తకముగాని, విడిభాగములమ్ము అంగడిగాని లోకములో ఎక్కడను లేని కాలమొకటి ఉండెను. ఆ కాలమున దారి నడుమ ఆగిపోయిన బండి ప్రక్కన నిలిచి, ఈ మూడింటిలో ఏది లోపించెనో తానే విచారించి కనుగొని, తన ఒంటిమీది వస్తువులతోనే లోపమును తీర్చి, బండిని గమ్యమునకు చేర్చిన స్త్రీ బెర్తా బెంజ్.

ఆమె 1849వ సంవత్సరము మే 3వ తేదీన జర్మనీ దేశమునందలి బాడెన్ సంస్థానములో, ఫోర్జ్‌హైమ్ అను పట్టణమున జన్మించెను. ఆ ఊరు నగల పనివారికి ప్రసిద్ధి. తండ్రి కార్ల్ ఫ్రీడ్రిఖ్ రింగర్ వడ్రంగి వృత్తినుండి పైకివచ్చి, ఇండ్లు కట్టించు పనిలో ధనము గడించినవాడు. బెర్తా పుట్టిననాడు ఆ ఇంట పెద్దగా సంతోషింపలేదట. మరల ఆడపిల్లయే కలిగెనన్న విచారమును తండ్రి తమ కుటుంబపు బైబిలు గ్రంథములో వ్రాసికొనెననియు, ఆ వ్రాతను బెర్తా తరువాత తన కన్నులతో చూచెననియు చెప్పుదురు. ఆ ఇంటి సంగతిగా దీనిని చదువునప్పుడు మనకు కొత్తగా తోచదు. మన ఇండ్లలోను ఇట్టి మాటలు వినని ఆడపిల్లలు అరుదు. బెర్తా ఆ ఊరి బాలికల పాఠశాలలో చదివెను. యంత్రములన్నను ప్రకృతి శాస్త్రములన్నను ఆమెకు మక్కువ మెండు. కాని ఆనాడు బాడెన్‌లో స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. ఆ తలుపులు అక్కడ తెఱచుకొన్నది 1900వ సంవత్సరమున. అప్పటికి బెర్తాకు ఏబదియొక్క ఏండ్లు నిండబోవుచుండెను.

1869లో ఒక వేసవినాడు ఆ ఊరివారు కొందరు గుఱ్ఱపుబండిలో మౌల్‌బ్రోన్ మఠమును చూడబోయిరి. ఆ ప్రయాణములో బెర్తాకు కార్ల్ బెంజ్ అను యువకునితో పరిచయమయ్యెను. అతడు రైలు ఇంజను నడుపువాని కుమారుడు. రెండేండ్లు నిండకముందే తండ్రి మరణింపగా, తల్లి కష్టపడి అతనిని కార్ల్స్‌రూహె పాలిటెక్నిక్కులో చదివించెను. అతనికి ఆస్తి లేదు, ఉద్యోగము నిలుకడ లేదు. ఒక్కటే పట్టుదల: గుఱ్ఱము లేకుండ తనంత తాను నడచు బండిని చేయవలెనని. ఇట్టివానిని కలవారి పిల్ల వరించుట ఆమె తల్లిదండ్రులకు రుచింపలేదనుటలో వింత లేదు.

కార్ల్ 1871లో మాన్‌హైమ్ పట్టణమున ఆగస్ట్ రిట్టర్ అను భాగస్వామితో కలసి చిన్న యంత్రశాల నొకదానిని పెట్టెను. భాగస్వామి నమ్మదగినవాడు కాకపోయెను. ఉన్నదంతయు మునుగునట్లు కనబడెను. అప్పుడు బెర్తా చేసిన పని ఆనాటి కన్యలు తలపెట్టునది కాదు. పెండ్లికి ముందుగానే తనకు రావలసిన అరణమును తండ్రినుండి అడిగి తీసికొని, దానితో రిట్టర్ భాగమును కొనిపించి, యంత్రశాలను కార్ల్ ఒక్కనిదిగా చేసెను. 1872 జూలై 20వ తేదీన వారి వివాహము జరిగెను. వివాహమైన పిదప ఆనాటి చట్టము ప్రకారము వ్యాపార వ్యవహారములలో భార్యకు స్వతంత్రాధికారము లేదు. కావున లోకములో మొదటి మోటారుబండికి మొదటి పెట్టుబడి బెర్తాదే యైనను ఏ దస్తావేజులోను ఆమె పేరు కానరాదు. పేరు లేకపోయినను పణముగా పెట్టినది మాత్రము ఆమె సొమ్మే అను మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథ అంతయు దానిమీదనే ఆధారపడినది.

పెండ్లి తరువాతి పదేండ్లును కష్టకాలమే. 1873లో ఓయిగెన్, 1874లో రిషార్డ్ అను కుమారులును, 1877లో క్లారా అను కుమార్తెయు కలిగిరి. అదే 1877లో బాకీలు తీర్పలేక యంత్రశాలలోని పనిముట్లు జప్తునకు వచ్చెను. ఇంట చంటిపిల్ల, బయట అప్పులవారు. అట్టి సమయములో కార్ల్ ఒక ఇంజనును స్వయముగా చేయబూనెను. నికోలస్ ఓట్టో అనునతడు అంతకుముందే నాలుగు కదలికల ఇంజనును నిర్మించి దానికి పేటెంటు పొందియుండుటచే, కార్ల్ రెండు కదలికల ఇంజనును రూపొందింపవలసి వచ్చెను. అది తయారయ్యెను. కాని పలుకలేదు. దినములు గడచెను, చక్రమును త్రిప్పుటయే గాని ఇంజను అందుకొనదు.

1879 డిసెంబరు 31వ తేదీ రాత్రి. ఊరంతయు నూతన సంవత్సరపు వేడుకలకు సిద్ధమగుచుండెను. ఆ ఇంట వేడుక చేసికొనుటకు చేతిలో డబ్బులేదు. రాత్రి భోజనమైన పిదప బెర్తాయే భర్తను లేవదీసి, మరియొక పర్యాయము పోయి చూతమని యంత్రశాలకు నడిపించెను. ఇరువురును దీపము వెలుతురున ఇంజను ఎదుట నిలిచిరి. కార్ల్ చక్రమును త్రిప్పెను. ఈ మారు అది అందుకొనెను. ఒక దెబ్బ తరువాత ఒక దెబ్బ, తాళము తప్పక, ఆగక కొట్టుకొనసాగెను. దాదాపు ఒక గంటసేపు ఆ దంపతులు ఆ ధ్వనిని వినుచు నిలిచిపోయిరట. ఇంతలో పట్టణములోని గుడిగంటలన్నియు మ్రోగెను. అవి కొత్త సంవత్సరమునకై మ్రోగినను తమ ఇంజను కొరకే మ్రోగినట్లు వారికి తోచెనని కార్ల్ ముసలితనమున వ్రాసికొన్న స్వీయచరిత్రలో చెప్పియున్నాడు.

ఇంజను నడచినంతమాత్రమున అదృష్టము నడవదు. 1882లో ఒక కంపెనీ ఏర్పడెను; అందులో తనకు పలుకుబడి లేకుండుట చూచి కార్ల్ మరుసటి ఏటనే బయటికి వచ్చెను. 1883లో మాక్స్ రోజె, ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ ఎస్లింగర్ అను ఇరువురు వర్తకుల సహాయముతో బెంజ్ కంపెనీ స్థాపితమయ్యెను. ఆ కంపెనీ కార్ఖానాలలో ఒకచోట నాటియుంచు ఇంజనులను చేసి అమ్ముచుండగా, ఆ లాభముతో కార్ల్ తన బండి పనిని సాగించెను. 37435 అను సంఖ్యగల ఆ బండి పేటెంటునకై కార్ల్ జర్మనీ ప్రభుత్వమునకు 1886 జనవరి 29వ తేదీన దరఖాస్తు పెట్టెను. నేడు లోకమంతయు మోటారుకారు జన్మదినముగా చెప్పుకొనునది ఆ దినమే.

ఆ బండి రూపమును కొంచెము వివరింపనిచో తరువాతి కథ బోధపడదు. దానికి మూడు చక్రములు. ముందు చిన్నది ఒకటి, వెనుక పెద్దవి రెండు. ఆకులు సైకిలు చక్రమునకు వలె తీగలతో కూర్చినవి. ఇంజను వెనుకభాగమున పండుకొనియుండెడిది, సిలిండరు ఒక్కటే. మొదటి బండి శక్తి ఒక అశ్వశక్తికి ముప్పాతిక వంతు. వేగము గంటకు 16 కిలోమీటర్లు. దాని అడుగున పెద్ద గాలిచక్రమువంటి ఇనుప చక్రమొకటి నేలకు సమానముగా పరచినట్లుండెడిది. బండిని బయలుదేర్చుటకు ఆ చక్రమునే రెండు చేతులతో పట్టి త్రిప్పవలెను. మన ఊళ్ళలో పాత బస్సులకు ముందువైపున హాండిలు పెట్టి త్రిప్పుట చూచిన పెద్దలకు ఈ శ్రమ ఎట్టిదో తెలియును. బటను నొక్కినంతనే కారును లేపు విద్యుత్ స్టార్టరు 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లతో అమెరికాలో వాడుకకు వచ్చెను. అనగా బెంజ్ పేటెంటునకు పాతికేండ్ల పిమ్మట.

ఇంధనము లిగ్రాయిన్ అను తేలికనూనె. పెట్రోలుకు దగ్గరి చుట్టము. నూనె నిలువయుండు పాత్రయే కార్బురేటరు కూడను; అందులో నాలుగున్నర లీటర్లు మాత్రమే పట్టును. నూనెకు గాలి సోకి, దాని ఆవిరిని తనతో కలుపుకొని గొట్టము ద్వారా సిలిండరునకు పోవును. ఇట్టి పద్ధతిలో నొక చిక్కున్నది. నూనెలో తేలికగా ఆవిరియగు భాగము ముందుగా పోయి, బరువైన భాగము అడుగున మిగిలిపోవును. కావున పాత్రలో నూనె ఉన్నట్లే కనబడినను ఇంజనుకు చాలినంత ఆవిరి అందకపోవచ్చును. ఇక నిప్పురవ్వ సంగతి. బ్యాటరీ నుండి వచ్చు తక్కువ విద్యుత్తును తీగచుట్ట యొకటి ఎక్కువ ఒత్తిడి గలదానిగా మార్చి, తీగ ద్వారా ప్లగ్గునకు పంపును. ప్లగ్గు కొనల మధ్యనుండు సందులో ఆ విద్యుత్తు దుమికినప్పుడు రవ్వ పుట్టి ఆవిరి మండును. ఇంజను వేడెక్కకుండుటకు చుట్టును నీరు పోయుదురు; ఆ నీరు మరిగి ఆవిరియై పోవుచుండును గనుక మాటిమాటికి నింపవలెను. ఇంజను శక్తి తోలుపట్టీ ద్వారా ఒక ఇరుసునకును, అక్కడనుండి రెండు గొలుసుల ద్వారా వెనుక చక్రములకును చేరును. ఇంతే బండి.

1886 జూలై 3వ తేదీన మాన్‌హైమ్ వీధులలో జనులు ఆ బండిని చూచిరి. చూచి ఆశ్చర్యపడిరి. కొన్నవారు మాత్రము లేరు. కొందరు నవ్విరి, కొందరు భయపడిరి. గుఱ్ఱములు బెదరుచున్నవని ఫిర్యాదులు వచ్చెను. ఊరి వీధులలో నాలుగు మలుపులు తిరిగి, ఆగిపోయి, మనుష్యులచేత త్రోయబడి ఇంటికి వచ్చు బండిని ఎవరు కొందురు? కార్ల్ స్వభావముచేత అతిజాగరూకుడు. ఇంకను ఈ భాగము మార్చవలెను, ఆ భాగము దిద్దవలెను అని యంత్రశాలలోనే ఉండెడివాడు. మూడవ నమూనా బండి కూడ సిద్ధమయ్యెను; దానిశక్తి మొదటిదానికంటె మిన్న, అయినను రెండుమూడు అశ్వశక్తులకు మించదు. అమ్మకము మాత్రము శూన్యమనదగినంత. రెండేండ్లలో బెర్తాకు ఒక సంగతి స్పష్టమయ్యెను. లోపము ఇంజనులో లేదు. ఈ బండి దూరదేశమునకు పోగలదని ఎవరికిని తెలియకుండుటలో ఉన్నది. భర్తకు కూడ ఆ నమ్మకము చాలినంత లేదు.

1888 ఆగస్టు నెల. పిల్లలకు బడి సెలవులు. మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌లోని తల్లి ఇంటికి పోవలెనని బెర్తా నిశ్చయించెను. రైలుబండి ఉన్నది, రైలులో పోయిన సుఖముగా చేరవచ్చును. ఆమె రైలు ఎక్కలేదు. ఒకనాటి తెల్లవారుజామున కార్ల్ నిదురించుచుండగా, పదునైదేండ్ల ఓయిగెన్, పదునాలుగు నిండని రిషార్డ్ తోడురాగా, మూడవ నమూనా బండిని చప్పుడు కాకుండ షెడ్డునుండి బయటికి త్రోసికొనివచ్చి, ఇంటికి వినబడనంత దూరము పోయిన పిదప ఇంజనును త్రిప్పి బయలుదేరెను. వంటయింటి బల్లమీద తల్లి ఇంటికి పోవుచున్నామని చీటి వ్రాసిపెట్టెను. ఎట్లు పోవుచున్నారో మాత్రము వ్రాయలేదట. ఆ నెల మొదట అధికారులు కార్ల్‌కు ఇచ్చిన అనుమతి పత్రములో మాన్‌హైమ్ పట్టణము, దాని పరిసర గ్రామములు మాత్రమే ఉండెను. ఫోర్జ్‌హైమ్ దాని వెలుపలిది. దారిలో బండి ప్రేలినను, ఎవరికైన దెబ్బ తగిలినను, లేదా నడుమ చెడి ఎద్దులచేత లాగబడి ఇంటికి వచ్చినను, బెంజ్ పేరు అంతటితో సరి. పదునారేండ్ల క్రిందట పెట్టిన అరణము కూడ సరి. ఈ సాహసమును వేడుక ప్రయాణముగా చెప్పువారు ఈ సంగతిని మఱచుచుందురు.

దూరము నూరు కిలోమీటర్లకు పైచిలుకు. అంతవరకు మోటారుబండి ఒక్కపెట్టున అంత దూరము పోయి ఎరుగదు. దారులు గుఱ్ఱపుబండ్ల కొరకు వేసినవి. రాళ్ళు, గుంతలు, దుమ్ము. దారి చూపు పటములు లేవు. హైడెల్‌బర్గ్ వరకు పయనము చక్కగా సాగెను. పిమ్మట నూనె తరిగిపోసాగెను. పెట్రోలు బంకు అను మాటయే పుట్టని కాలము. లిగ్రాయిన్‌ను బట్టలమీది మరకలు పోగొట్టుటకు మందుల అంగళ్ళలో చిన్న సీసాలలో అమ్మెడివారు. వీస్లోఖ్ అను చిన్న పట్టణములో విల్లీ ఓకర్ అనువాని మందుల అంగడి ముందు బెర్తా బండి నాపి, మరకల మందు లీటర్ల లెక్కను అడిగెను. అంత మరకల మందు ఈమెకు ఏల యని అతడు ఎంత ఆశ్చర్యపడెనో మనము ఊహించుకొనవచ్చును. ఆ అంగడియే లోకములో మొదటి పెట్రోలు బంకు అని నేడు ఆ ఊరివారు గర్వముగా చెప్పుకొందురు; దాని ఎదుట ఒక స్మారకశిల్పము కూడ నిలిపియున్నారు.

నీటి బాధ అంతకంటె ఎక్కువ. దారిలోని ప్రతి బావికడను, వాగుకడను, పూటకూళ్ళ ఇంటికడను పిల్లలు దిగి నీరు తెచ్చి పోయవలసి వచ్చెను.

ఇక ఇంజను ఆగిపోయిన కథ. ఇట్టి బండి ఆగినప్పుడు బుద్ధిమంతుడు మొదట చెవితో ఆలోచించును. ఇంజను దగ్గినట్లు తడబడుచు, బలము కోల్పోవుచు, కొంతదూరము ఈడ్చి ఆగినచో అనుమానము ఇంధనముమీద. దీపము ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగినచో అనుమానము నిప్పురవ్వమీద. చక్రమును చేతితో త్రిప్పునప్పుడు ఒకచోట గట్టిగా అడ్డుకొని దాటినచో లోపలి వాయువు అదుముడుపడుచున్నట్లే; పట్టు లేకుండ బొంగరమువలె వదులుగా తిరిగినచో ఎక్కడనో వాయువు కారిపోవుచున్నది. ఈ మూడు గుర్తులను బట్టి సగము చిక్కు విడిపోవును. ఊరక చేతికందిన మరనెల్ల విప్పువాడు ఉన్న లోపమునకు తోడు కొత్త లోపమును తెచ్చుకొనును. బెర్తా పదునారేండ్లుగా ఆ యంత్రముల నడుమనే సంసారము చేసినది; భర్త పరీక్షలన్నిటిలో ప్రక్కనే నిలిచినది. ఆమెకు ఈ విద్య పుస్తకముద్వారా రాలేదు.

మొదటి లోపము ఇంధనపు దారిలో. పాత్రలో నూనె ఉన్నది. కాని ఇంజనుకు అందుట లేదు. నడుమ ఉన్నది సన్నని గొట్టము. దారిదుమ్మో, నూనెలోని మడ్డియో దానికి అడ్డుపడెను. అంత సన్నని రంధ్రములో దూరు పనిముట్టు బండిలో లేదు. ఆ కాలపు స్త్రీలు పెద్ద టోపీలు ధరించి, అవి గాలికి ఎగిరిపోకుండ జుట్టుతో చేర్చి పొడవైన ఉక్కుసూదిని గ్రుచ్చుకొనెడివారు. బెర్తా ఆ సూదిని తీసి గొట్టములో దూర్చి అడ్డును తొలగించెను. నూనె దారి తెఱచుకొనెను, ఇంజను లేచెను.

రెండవ లోపము విద్యుత్తుది. ఈ మారు ఇంధనము చక్కగా ఉన్నది, వాయువు అదుముడుపడుచున్నది, అయినను రవ్వ లేదు. చూడగా ప్లగ్గునకు పోవు తీగమీది కప్పు ఒకచోట రాపిడివలన అరిగిపోయి, లోపలి లోహము బండి ఇనుమును తాకుచుండెను. విద్యుత్తునకు సులభమైన దారి దొరికినప్పుడు అది కష్టమైన దారిని పోదు. ప్లగ్గు సందును దుముకుటకంటె ప్రక్కనున్న ఇనుములోనికి జారిపోవుట దానికి సులభము. కావున తీగయు ఇనుమును తాకకుండ నడుమ ఏదేని అడ్డుపెట్టవలెను. మేజోళ్ళు జారిపోకుండ కాళ్ళకు కట్టుకొను సాగుడుపట్టీ యొకటి అప్పటి స్త్రీలకుండెడిది. బెర్తా దానిని విప్పి తీగకు చుట్టెను. రవ్వ మరల తన చోటికి వచ్చెను. ఈ రెండు మరమ్మతులును ఆ కుటుంబమువారి నోటినుండి వెలువడి దేశదేశముల వ్యాపించినవి. రెంటిలోను మెచ్చదగినది సూదియు పట్టీయు కాదని నా అభిప్రాయము. గొట్టము మూసుకొన్నప్పుడు తీగను విప్పకుండుటయు, తీగ చెడినప్పుడు గొట్టమును పొడవకుండుటయు గొప్ప.

బ్రుఖ్‌సాల్‌లో గొలుసు సాగిపోగా ఒక కమ్మరి దానిని సరిచేసి ఇచ్చెను. కొండదారులు మొదలైన పిదప బండికి బలము చాలలేదు. దానికి రెండే గేర్లు. ఎత్తు వచ్చినప్పుడెల్ల బెర్తాయు పెద్ద కొడుకును దిగి వెనుకనుండి త్రోయగా, చిన్నవాడు బండిని నడిపెడివాడు. ఎత్తులో ఒక కష్టము, పల్లములో వేరొకటి. దిగుడులో బండిని పట్టునవి చెక్కదిమ్మలతో చేసిన బ్రేకులు. అవి అరిగిపోయి బండి జారసాగెను. బౌష్‌లోట్ గ్రామమున బెర్తా ఒక చెప్పులు కుట్టువానిని పిలిచి ఆ దిమ్మలకు తోలు కొట్టించెను. నేడు ప్రతి వాహనపు బ్రేకునకును పై పూతగా ఒక పొర ఉండును. అరిగినప్పుడు దానిని మార్చుచుందురు. ఆ ఏర్పాటునకు మూలము ఆ పల్లెటూరి చర్మకారుని మేకులు.

ప్రొద్దుక్రుంకిన పిదప దుమ్ముకొట్టుకొని ముగ్గురును ఫోర్జ్‌హైమ్ చేరిరి. బెర్తా వెంటనే భర్తకు తంతి పంపెను. కార్ల్ ఆ తంతిని చూచి మొదట కలవరపడి, పిదప గర్వపడెనట. కొన్ని దినములు పుట్టింట గడపి, వారు అదే బండిలో వేరొక దారిని మాన్‌హైమ్‌కు తిరిగి వచ్చిరి. పోవుటకంటె వచ్చుటయే నా కంటికి గొప్పగా కనబడును; మొదటిది తెలియక చేసిన సాహసమని ఎవరైన అనవచ్చును, రెండవదానిని అట్లనుటకు వీలులేదు.

ఇంటికి రాగానే ఆమె భర్తకు దారిలో కనుగొన్న లోపములన్నియు చెప్పెను. ఎత్తులెక్కుటకు మరియొక గేరు కావలెనని కోరెను. కార్ల్ దానిని చేర్చెను. యంత్రశాల గోడల నడుమ ఏండ్ల తరబడి చేసిన పరీక్షలకంటె ఆ ఒక్క ప్రయాణము ఎక్కువ నేర్పెను. అదే సంవత్సరము సెప్టెంబరులో మ్యూనిక్ నగరపు ప్రదర్శనములో ఆ బండిని నడిపి చూపగా స్వర్ణపతకము లభించెను. అయినను కొనువారు మరునాటికే బారులు తీరలేదు. మొదట ఆదరించినది ఫ్రాన్సు దేశము; పారిసులో ఎమిల్ రోజే అను వర్తకుడు ఆ బండ్లను అమ్మసాగెను. 1893లో విక్టోరియా అను నాలుగు చక్రముల బండియు, 1894లో వేలో అను తేలికబండియు వచ్చిన పిదప వ్యాపారము పుంజుకొనెను. 1899లో బెంజ్ కంపెనీ ఒక్క ఏటనే 572 బండ్లను తయారుచేసి లోకములోని మోటారు కార్ఖానాలలో అగ్రస్థానమున నిలిచెను.

తరువాతి కాలమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. కార్ల్‌కును కంపెనీలోని ఇతరులకును అభిప్రాయభేదములు కలిగి, 1903లో అతడు కార్ఖానా నిర్వహణమునుండి తొలగెను. కుటుంబము మాన్‌హైమ్ సమీపమునందలి లాడెన్‌బర్గ్‌లో స్థిరపడెను. అక్కడ 1906లో తండ్రికొడుకులు వేరొక చిన్న కార్ఖానాను స్థాపించిరి. తల్లికి దారిలో నీరు మోసి, బండిని త్రోసిన పిల్లలు ఆ కార్ఖానాను నడిపించిరి. 1926లో బెంజ్ కంపెనీ, దాని పాత ప్రత్యర్థియైన డైమ్లర్ కంపెనీతో కలసిపోయెను. 1929 ఏప్రిల్ 4వ తేదీన కార్ల్ బెంజ్ స్వర్గస్థుడయ్యెను. బెర్తా ఆ తరువాత పదునైదేండ్లు జీవించెను. తాను మందుల అంగడిలో సీసాలలో కొన్న నూనెను వీధివీధిని బంకులలో అమ్ముట ఆమె చూచెను. రెండు మహాయుద్ధములలో మోటారుబండ్లు మనుష్యులను చంపుటకు సైనికులను మోసికొనిపోవుటయు చూచెను.

మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు ఆమె పోయిన దారికి 2008లో ఆమె పేరు పెట్టి, మలుపు మలుపునను గుర్తుపలకలు నాటిరి.

1944 మే 3వ తేదీన బెర్తాకు తొంబదియైదు సంవత్సరములు నిండెను. ఆ దినమున కార్ల్స్‌రూహెలోని సాంకేతిక విశ్వవిద్యాలయము ఆమెను తన గౌరవ సెనేటరుగా ప్రకటించెను. కార్ల్ చదివిన పాలిటెక్నిక్కే ఆ విశ్వవిద్యాలయముగా ఎదిగినది. బెర్తా వయస్సున ఉన్నప్పుడు ఆడపిల్లలు దాని వాకిలి దాటరాదు. రెండు దినముల పిదప, మే 5వ తేదీన, ఆమె లాడెన్‌బర్గ్‌లోని తన ఇంట కన్నుమూసెను.